ఒంగోలు క్లౌ దొర

ఒంగోలు పట్టణము ప్రక్కనున్న చిన్న కొండకు ప్రార్థన కొండయని పేరు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అయిదుగురు మనుష్యులు ఆ కొండమీదికెక్కి ప్రార్థించిరి. వారిలో ఇరువురు అమెరికా దేశమునుండి వచ్చిన జూయెట్ దొరయు ఆయన భార్యయు. తక్కిన మువ్వురు తెలుగువారు. క్రింద కనబడుచున్న ఊళ్లకు ఒక బోధకుని పంపుమని వారు దేవుని వేడుకొనిరి. బోధకుడు వచ్చి ఒంగోలులో కాపురము పెట్టుటకు పండ్రెండేండ్లు పట్టెను. అట్లు వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. నలువదియేండ్లకు పైగా ఆ సీమలో పనిచేసి, క్లౌ దొరయని పల్లెపల్లెకును తెలిసిన పురుషుడాయన.

ఆయన చేరిన మిషను కథ మొదటినుండియు కష్టములతో నిండినదే. శామ్యూల్ డే అను నాతడు 1836లో విశాఖపట్టణమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరి పని నారంభించెను. ఇరువదియేండ్లు గడచినను చేరినవారు కొద్దిమందియే. సముద్రమునకావల బర్మాదేశమున అదే సంఘమువారి పని వర్ధిల్లుచుండగా నెల్లూరిలో డబ్బు వృథాయగుచున్నదని అమెరికాలోని పెద్దలు తలచిరి. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ మిషనును మూసివేయవలెనా యను చర్చ వచ్చెను. దేశపటములో బర్మావైపున స్థానములనేకములు నక్షత్రములవలె గుర్తింపబడియుండగా, ఇవతలి యొడ్డున నెల్లూరొక్కటియే కనబడుచుండెను. దానినిబట్టి శామ్యూల్ స్మిత్ అను కవి ఒంటి నక్షత్రమను పేర ఒక గీతము వ్రాసెను. మిషను నిలిచినది. 1862లో మరల అదే ప్రశ్న పుట్టెను. ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయియున్న జూయెట్ దొర, సంఘము పంపినను పంపకున్నను తాను తెలుగుదేశమునకు మరలిపోయి అచ్చటనే ప్రాణము విడుతునని పట్టుపట్టెను. ఆతడు పోయినచో పాతిపెట్టుటకైనను ఒక మనుష్యుడు తోడుండవలెనుగదా యని పెద్దలు ఒప్పుకొనిరట. ఆ తోడుగా ఎన్నుకొనబడినవాడే క్లౌ.

జాన్ క్లౌ 1836 జూలై 16వ తేదీన, అనగా ఆ మిషను పుట్టిన సంవత్సరముననే, న్యూయార్కు రాష్ట్రములోని ఫ్రూస్‌బర్గు అను పల్లెకు సమీపమున జన్మించెను. తలిదండ్రులు పశ్చిమముగా తరలిపోయి ఇల్లినాయి, అయోవా ప్రాంతములలో క్రొత్తనేలలు దున్నుకొని బ్రతికిరి. ఇరువదియేండ్లు నిండకముందే ఆతడు ప్రభుత్వ సర్వే బృందములో చేరి, మిన్నెసోటా ప్రాంతమున మనుష్యసంచారము లేని అడవులలో గొలుసు పట్టి నేల కొలిచెను. ఆ పని మనిషిని మొరటుగను చేయును, గట్టిగను చేయును. పదిమంది కూలీలను ఎట్లు నడిపింపవలెనో, వారికి అన్నమెట్లు సమకూర్పవలెనో, సాయంకాలమునకు లెక్క ఎట్లు సరిచూడవలెనో ఆతడు అక్కడనే నేర్చెను. కొంత డబ్బు కూడబెట్టుకొని చదువుకొరకు బర్లింగ్టన్ విద్యాలయమునకు పోయెను. న్యాయవాది కావలెనని కోరిక. మతవిషయమున అప్పటికి శ్రద్ధ లేదు. అక్కడ 1858లో ఆతని మనస్సు మారెను. 1861లో హారియట్ సండర్లండు అను నామెను వివాహమాడి, మరుసటి యేట అప్పర్ అయోవా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కొంతకాలము ఊరూర తిరిగి మతగ్రంథములు అమ్ముచు బోధించెను.

1864 నవంబరు 30వ తేదీన ఆ దంపతులు జూయెట్ దొరతో కూడ బోస్టను రేవున ఓడనెక్కిరి. సూయజు కాలువ అప్పటికి తెరువబడలేదు. ఆఫ్రికాఖండమును చుట్టి రావలసియుండుటచే మద్రాసు చేరుసరికి 1865 ఏప్రిలు మాసమయ్యెను. నెల్లూరిలో ఏడాదికి పైగా తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో ఆయన ఒంగోలునకు కాపురము మార్చెను. ఒంగోలు ఆ కాలమున నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా ముఖ్యస్థలము. ఆ పట్టణము కేంద్రముగా జిల్లా యేర్పడినది 1970లో గదా. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపింపబడెను.

క్లౌ దొర కథను చెప్పువారు పలువురు ఆయననే ముందు నిలిపి, తక్కినవారిని వెనుక కూర్చుండబెట్టుదురు. అది న్యాయము కాదు. ఆయన ఒంగోలులో దిగుటకు ముందే దారి వేసిన మనుష్యుడొకడుండెను. ఆతడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలునకు పడమట దూరముననున్న తాళ్లకొండపాడు ఆతని ఊరు, మాదిగ కులము, తోళ్ల వ్యాపారము. చదువు రాదు. అయినను గురువుల నాశ్రయించి యోగమభ్యసించినవాడు. తన వారిలో పెద్దమనిషి. విగ్రహములయందు విశ్వాసము పోయి, దేవుడొక్కడే యని నమ్మి, ఆ ఒక్కని జాడకొరకు వెదకుచుండెను. వ్యాపారముమీద ఉత్తరమునకు పోయినప్పుడు ఏలూరు ప్రాంతమున ఒక మిషనరీ బోధ చెవినబడెను. విన్నదానిని ఇంటికి మోసికొనివచ్చి భార్య నాగమ్మకును, ఇరుగుపొరుగులకును చెప్పెను. 1866లో భార్యాభర్తలు కాలినడకను ఒంగోలునకు వచ్చి జూయెట్ దొర చేత బాప్తిస్మము పొందిరి. పిమ్మట పేరయ్య తన ప్రాంతపు పల్లెలన్నియు తిరిగి, రాత్రులు పనిపాటలు ముగిసిన తరువాత మాదిగవాడలలో కూర్చుండి, వారి మాటలలోనే వారికి బోధించెను. క్లౌ దొర ఒంగోలులో కుదురుకొనుసరికి పడమటి పల్లెలలో ఆయనకొరకు ఎదురుచూచువారు ఏర్పడియుండిరి.

1867 జనవరిలో క్లౌ దొర ఆ పల్లెలను చూడబోయెను. తాళ్లకొండపాటికి సమీపమున ఒక చింతతోపులో డేరా వేసిరి. చుట్టుప్రక్కల ఊళ్లనుండి స్త్రీపురుషులు అన్నపు మూటలు కట్టుకొనివచ్చి, ఆ చెట్లక్రిందనే అయిదు దినములు నిలిచిరి. పగలెల్ల బోధ వినిరి. ప్రశ్నలడిగిరి. చివరకు ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. తెలుగు ఇంకను నాలుకకు చక్కగా పట్టని ముప్పదియేండ్ల యువకునకు ఆ అయిదు దినములు బడిలో నేర్వని పాఠమును నేర్పినవి. ఈ దేశమున మనిషి ఒంటరిగా రాడనియు, కుటుంబముతో, బంధువులతో, వాడతో కలిసి వచ్చుననియు ఆయన గ్రహించెను. తరువాత ఆయన చేసిన పనియంతయు ఆ గ్రహింపుమీద నిలిచినదే.

అక్కడినుండియే విరోధమును మొదలయ్యెను. మొదటి దెబ్బ ఒంగోలులోనే తగిలెను. పట్టణములోని బ్రాహ్మణ ప్రముఖులు కొందరు తమ పిల్లలకు ఆంగ్లవిద్య కావలెనని దొరనడుగగా ఆయన బడి తెరచెను. పెద్దకులముల బాలురు వచ్చుచుండిరి. వారి వెనుక వారి తలిదండ్రులును ఒకనాటికి వత్తురని మిషను పెద్దల ఆశ. ఇంతలో పల్లెలనుండి వచ్చిన మాదిగ క్రైస్తవుల పిల్లలను బడిలో చేర్చుకొనవలసి వచ్చెను. వారిని చేర్చుకొన్నచో తమ బిడ్డలను మాన్పింతుమని పట్టణమువారు స్పష్టముగా చెప్పిరి. క్లౌ దొరకు ఆ రాత్రి గొప్ప సంకటము. ఆయన ఒక గదిలోను, భార్య మరియొక గదిలోను కూర్చుండి, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే బైబిలు తెరువగా ఇరువురికిని ఒకే పుట వచ్చినదట. లోకములో బలహీనులను, నీచులని యెంచబడినవారిని దేవుడేర్పరచుకొనెనని అపోస్తలుడైన పౌలు కొరింథువారికి వ్రాసిన భాగమది. ఇది యాదృచ్ఛికమని కొందరందురు, దైవసంకల్పమని కొందరందురు. ఏదియైనను నిర్ణయము మాత్రము జరిగిపోయెను. మాదిగ పిల్లలు బడిలో కూర్చుండిరి. పెద్దకులముల పిల్లలు లేచి వెడలిపోయిరి. పెద్దల స్నేహముతో పని పెంచుకొనవలెనను మార్గము దానితో మూసికొనిపోయెను.

రెండవ దెబ్బ పల్లెలలో తగిలెను. అది దొరకు కాదు, ఆయన మాట విన్నవారికి. దీనిని తెలిసికొనవలెనన్న ఆనాటి గ్రామవ్యవస్థను కొంచెము తలచుకొనవలెను. మోటబావికి తోలుబాన కావలెను. ఎద్దులకు తోలుపగ్గములు కావలెను. కాపునకు చెప్పులు కావలెను. జాతరకు డప్పు కావలెను. చచ్చిన పశువును ఎవరో ఒకరు ఊరి వెలుపలికి ఈడ్చుకొనిపోవలెను. ఇవన్నియు మాదిగల పనులు. ప్రతిఫలముగా కోతలకాలమున కళ్లముమీద ఇంత ధాన్యము కొలిచి యిచ్చెడివారు. చచ్చిన పశువు మాంసమును వారికే వదలివేయబడెడిది. ధాన్యము కొలుచు చేయి కాపుది. లెక్క వ్రాయు చేయి కరణముది. మాదిగవానికి వ్రాతయు లేదు, కొలతయు లేదు.

క్రైస్తవులైనవారు మూడు నియమములను పాటింపవలెనని ఏర్పడెను. ఆదివారమున పనిచేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములను కొలువరాదు. చెప్పుటకు మూడు చిన్న మాటలు. ఆచరించుటలో ఒక్కొక్కటియు గ్రామమునకు గుచ్చుకొను ముల్లు. విగ్రహముల ముందు డప్పు కొట్టమన్నచో జాతర నడచుటెట్లు? కోతలలో ఆదివారము పనికి రామన్నచో చేను నిలుచుటెట్లు? తరతరములుగా మారుమాటాడనివాడు నేడు ఒక దినమును తనదని చెప్పుకొనుట రెడ్లకును కరణములకును తలదీసినట్లయ్యెను. వారిలో దుర్మార్గులే కాదు, ఊరి కట్టుబాటు చెడునని నిజముగా భయపడినవారును ఉండిరి. కొన్ని ఊళ్లలో క్రైస్తవులను పనికి పిలువరైరి, అప్పులు వెంటనే తీర్పుమనిరి, నీటి రేవునకు రానీయరైరి. దెబ్బలు తిన్నవారును కలరు. ఇన్ని బాధలకు లోనైనవారిలో మరలిపోయినవారు కొందరుండిరి. ఎక్కువమంది నిలిచిరి.

క్లౌ దొర ఇక్కడ చూపిన నేర్పు గమనింపదగినది. ఆయన కోపిష్ఠియే గాని తొందరపాటువాడు కాడు. గ్రామమును చీల్చుట ఆయన కోరిక కాదు. క్రైస్తవుడైనంతమాత్రమున తోలుపని మానరాదనియు, కాపునకు చేయవలసిన పని చక్కగా చేసి, విశ్వాసమునకు సంబంధించిన చోట మాత్రము గట్టిగా నిలువవలెననియు ఆయన తన వారికి చెప్పెడివాడు. పల్లెకు పోయినప్పుడు రెడ్డిని, కరణమును కలిసి మాటలాడెడివాడు. మాట సాగనిచోట ప్రభుత్వాధికారుల నాశ్రయించెడివాడు. దొరతనమువారి రాజ్యములో తెల్లవాని మాటకు గల బరువు ఆయనకు తెలియును. దానిని వాడుకొనెను కూడ. ఆ బలము లేనిచో పేరయ్యవంటివారి ఓర్పు ఎంతకాలము నిలిచెడిదో చెప్పజాలము. ఆ ఓర్పు లేనిచో దొర బలము దేనికిని కొరగాకపోయెడిదని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

పనిని నడిపించిన తీరులో ఆయన పాతపద్ధతులనే ఎక్కువగా నమ్మెను. పల్లె పెద్దలను సంప్రదింపక ఎవరికిని బాప్తిస్మ మిప్పించెడివాడు కాడు. గురువునకు శిష్యులు ధాన్యమిచ్చి పోషించు ఆచారము ఈ దేశమున ఉండనే యున్నది. దానినే ఆధారము చేసికొని, బోధకుని పోషణలో పల్లెలు పాలు పంచుకొనునట్లు చేసెను. మూడు నెలలకొకసారి బోధకులందరును ఒంగోలు వచ్చి, ఎవరి పల్లెలో ఏమి జరిగినదో చెప్పి, కొన్ని దినములు చదువుకొని మరలిపోయెడివారు. అక్షరము మాదిగవాడకు చేరినది ఈ దారిననే. పగలు కూలికి పోయి రాత్రి దీపము ముందు పుస్తకము పట్టినవారు వారు. గ్రంథాలయమునకు చందా కట్టి చదువుకొను వారికి ఆ దీపము విలువ వేరుగా చెప్పనక్కరలేదు. బోధకులకు మంచి శిక్షణ కావలెనని 1872లో క్లౌ దొర అమెరికా పోయి, రామాయపట్నములోని వేదాంత పాఠశాలకొరకు ధనము సమకూర్చి తిరిగివచ్చెను.

వచ్చిన కొలదికాలమునకే మహాక్షామము దాపురించెను. 1876లో వానలు తప్పెను. 1877లోను సరిగా కురియలేదు. మద్రాసు రాజధానియంతట లక్షలకొలది జనులు మరణించిరి. ధాన్యము కొందమన్న ధర అందరానిదయ్యెను. అప్పులు పుట్టవు, పశువులు చచ్చినవి. కూలిమీద బ్రతుకు మాదిగలకు మొట్టమొదటనే పొయ్యి ఆరిపోయెను. సర్కారువారు సహాయపు పనులు తెరచిరిగాని, ఖర్చు తగ్గింపవలెనని కేంద్రమునుండి వచ్చిన రిచర్డ్ టెంపుల్ అను అధికారి 1877 ఆరంభమున కూలిని మనిషికి దినమునకొక పౌను ధాన్యమునకును, కొలది చిల్లరకును దించెను. ఆ తిండితో మట్టి మోయుట ఎట్లో ఆజ్ఞ వ్రాసినవారు ఆలోచింపలేదు కాబోలు. ఆ పనులయొద్ద బంట్రోతుల జులుము వేరు.

సముద్రతీరము వెంట కృష్ణా కాలువలను మద్రాసుతో కలుపు పడవల కాలువ త్రవ్వకము ఆ సహాయపు పనులలో ముఖ్యమైనది. ఆనాటి మద్రాసు గవర్నరు పేర దానినే బకింగ్‌హాము కాలువ యందుము. తన వారు ఇతరుల క్రింద పడుచున్న బాధను చూచి, క్లౌ దొర మూడున్నర మైళ్ల కాలువపనిని తానే కంట్రాక్టుగా తీసికొనెను. మిషనరీకి మట్టిపనితో ఏమి నిమిత్తమని నవ్వినవారుండిరి. అడవులలో గొలుసు పట్టిన చేయి అక్కడ అక్కరకు వచ్చెను. రాజుపాలెమను చోట గుడిసెలు వేయించి పని నారంభించెను. వేలకొలది జనులు నలువైపులనుండి వచ్చి చేరిరి. పురుషులు త్రవ్వుదురు, స్త్రీలు గంపలతో మట్టి మోయుదురు. మేస్త్రీలుగా తన బోధకులను నియమించుటచే అక్కడ తిట్టును, కొట్టును లేదు. నడచి వచ్చుటకే ఓపిక లేక దారిలో పడిపోయినవారెందరో. మజిలీలో కలరా చొరబడెను. అయినను కూలి చేతికి సరిగా అందునని తెలిసి జనము వచ్చుచునేయుండెను.

కాలువ గట్టున పని నడుమ విశ్రాంతివేళలలో బోధకులు కూలీలతో కూర్చుండి మాటలాడెడివారు. అన్నము పెట్టిన చేయియు, మంచి మాట చెప్పిన నోరును ఒక్కరివే యగుటచే వినువారి మనస్సు కరగుట సహజము. బాప్తిస్మము కావలెనని వందలు, వేలుగా అడుగజొచ్చిరి. ఇక్కడ క్లౌ దొర చేసిన పని ఆయన జీవితములోకెల్ల గొప్పది. ఆయన కాదనెను. ఆకలి అడిగించుచున్నదో, విశ్వాసము అడిగించుచున్నదో తేల్చుకొనలేని కాలమున ఎవరిని చేర్చుకొన్నను అది ఉభయులకును మోసమగునని ఆయన తలంపు. సుమారు పదునైదు నెలలపాటు ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. సంఖ్య చూపి పేరు తెచ్చుకొనదలచినవాడు చేయు పని కాదిది. అడుగువారు విసుగక అడుగుచుండిరి; ఆయన విసుగక ఆగుడనుచుండెను. కాలువపని ముగిసిన తరువాత, ధర్మనిధులనుండి వచ్చిన ద్రవ్యముతో అన్నమును, విత్తనములును కులమత వివక్షత లేక పంచిపెట్టుటలో ఆయన రాత్రింబవళ్లు శ్రమపడెను.

1878లో కరవు సడలెను. సహాయనిధులు ముగిసెను. జూన్ మాసములో ఆయన తన బోధకులను ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లికి రమ్మని పిలిచెను. బోధకులతో కూడ జనము వెల్లువవలె వచ్చెను. ఆయన ఎత్తుగా నిలిచి, ఇక తనవద్ద ఈయదగిన డబ్బు లేదనియు, సహాయము ఆశించి వచ్చినవారు ఇండ్లకు పోవచ్చుననియు చెప్పెను. ఎవరును కదలలేదు. కాయలు కాచిన తమ చేతులు చూపి, తాము కష్టపడి బ్రతుకువారమనియు, సహాయము కొరకు రాలేదనియు, పంటలు మరల పోయి చావవలసివచ్చినను క్రైస్తవులముగనే చత్తుమనియు వారు ప్రత్యుత్తరమిచ్చిరి. ఇక కాదనుటకు ఆయనకు కారణము దొరకలేదు.

బోధకులు తమ తమ పల్లెలవారిని వేరువేరుగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని విచారించి, పేర్లు వ్రాసికొనిరి. జూలై 2వ తేదీన 614 మందియు, 3వ తేదీన 2222 మందియు, 4వ తేదీన 700 మందియు గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. మూడు దినములలో మొత్తము 3536 మంది. జూలై 3వ తేదీ మాట ప్రపంచమంతట ప్రాకెను. ఆనాడు పట్టాభిషిక్తులైన తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కొక్క పర్యాయమునకు ఇద్దరు చొప్పున నీటిలో నిలిచిరి. ఇద్దరు అలసినప్పుడు మరి ఇద్దరు దిగిరి. ఎండవేళ పని ఆపి, మధ్యాహ్నము మరల ఆరంభించి, సాయంకాలమునకు ముగించిరి. రమారమి తొమ్మిది గంటల పని. పెంతెకొస్తు దినమున యెరూషలేములో మూడువేలమందిని నీట ముంచుట సాధ్యమా యని పాశ్చాత్య పండితులు వాదులాడుకొను ప్రశ్నకు మన గుండ్లకమ్మ రేవు సమాధానము చెప్పినదని ఆ సంఘమువారు సంతోషించిరి. ఆ దినమున క్లౌ దొర ఒక్కనికిని తానుగా బాప్తిస్మమీయలేదు. ఒడ్డున నిలిచి ఏర్పాటులు చూచెను. ఈ సంగతి ఆయన పేరుతో ఆ సంఖ్యను ముడిపెట్టి చెప్పుకొనువారిలో చాలమందికి తెలియదు. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారి సంఖ్య 9606కు చేరెను.

ఇక మూడవ దెబ్బ స్వజనులనుండి వచ్చెను. ఇంతమందిని ఇంత వేగముగా చేర్చుకొనుట అవివేకమని తోడి మిషనరీలు కొందరు వ్రాసిరి. బియ్యము కొరకు చేరిన క్రైస్తవులని తేలికగా ఎంచినవారుండిరి. చదువు రానివారితో సంఘము నింపినచో పెద్దకులములవారు ఎన్నటికిని రారని వాదించినవారుండిరి. ఎదురుగా పోరాడు రెడ్డితో మాటలాడి ఒప్పింపవచ్చును. వేలమైళ్ల దూరమున కుర్చీలో కూర్చుండి లెక్కలు చూచువారిని ఒప్పించుట కష్టము. క్లౌ దొర ఓర్పుగా విడమరచి చెప్పు స్వభావము గలవాడు కాడు. తన మార్గమే సరియని నమ్మినప్పుడు ఇతరుల మాట వినెడివాడు కాడనియు, అందువలన సహోద్యోగులతో పొసగెడిది కాదనియు చెప్పుదురు. ఆయన విమర్శకుల మాటలలో కొంత సత్యము లేకపోలేదు. కరవులో తోడు నిలిచినవానిని జనులు మరువరు. ఆ కృతజ్ఞత వారిని నదికి నడిపించిన వానిలో ఒకటి కాదనుట కష్టము. పదునైదు నెలలు తలుపు మూసియుంచినవానిని వల వేసి పట్టినవాడనుట మాత్రము అన్యాయము. కరవు తీరిన తరువాత సంవత్సరములలో ఆ జనులు తరలిపోక నిలిచియుండుటయే ఆ నిందకు జవాబయ్యెను.

చేరినవారిని చేర్చుకొనుట ఒక యెత్తు, వారిని సాకుట ఒక యెత్తు. వందలకొలది పల్లెలలో చెదరియున్న వేలమందికి ఒక్క దొర ఏమి చేయగలడు? పల్లెపల్లెకును తాటాకు కప్పు బడియైనను ఉండవలెనని ఆయన తాపత్రయము. చాలినంతమంది ఉపాధ్యాయులు లేరు; ఉన్నవారికే చదువు అంతంతమాత్రము. 1883 ప్రాంతమున కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల మున్నగునవి వేరు కేంద్రములుగా విభజింపబడి ఇతర మిషనరీల చేతికీయబడెను. తాను పెంచిన పనిని తానే పంచి యిచ్చుట ఆయనకు సులువైన సంగతి కాకపోయి యుండవచ్చును, చేసెను. 1890 డిసెంబరు 28వ తేదీన ఒంగోలులో మరల ఒక్క దినమున 1671 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కాలముననే ఆయన అమెరికా పోయి, ఇరువదియైదుగురు మనుష్యులను, ఏబదివేల డాలర్లను అడిగి, సంఘములను ఊపివేసెను.

హారియట్ 1893లో మరణించెను. ఒంగోలు తొలినాళ్లలో బడిని, ఇంటిని, వచ్చిపోవు పల్లెవారిని ఒంటిచేత చూచిన ఇల్లాలామె. మరుసటి యేట క్లౌ దొర ఎమ్మా రౌషెన్‌బుష్ అను విదుషిని వివాహమాడెను. ఆమె పరిశోధన చేసి స్విట్జర్లండులోని బెర్న్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందినది. ఆమె చేసిన మేలు ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. ముసలివారైన మాదిగ బోధకులను కూర్చుండబెట్టి, వారు నేర్చిన యోగమును, వారి గురువులను, వారి వాడల ఆచారములను, వారు పడిన పాట్లను వారి నోటనే విని వ్రాసికొనెను. చెప్పులు కుట్టుచు అను అర్థము వచ్చు పేరుతో 1899లో ఆ గ్రంథము వెలువడినది. పేరయ్య కథ మనకు ఇంత వివరముగా దక్కుటకు ఆమె శ్రమయే కారణము. అంతకుముందు మాదిగవాడ ముచ్చటను ఎవరు వ్రాసిపెట్టిరి?

వార్ధక్యమున జరిగిన ప్రమాదమువలన క్లౌ దొర నడక చెడెను. వేలమైళ్లు గుఱ్ఱముమీదను, బండిమీదను తిరిగినవాడు కుర్చీకి అంటిపెట్టుకొనవలసి వచ్చెను. ఉద్యోగభారము వదలినను పల్లెలవారు ఆయనయొద్దకు వచ్చుట మానలేదు. 1910లో స్వదేశమునకు మరలిపోయి, నవంబరు 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరమున కన్నుమూసెను. ఒంగోలులో ఆయన జ్ఞాపకార్థము ఒక వైద్యశాల తరువాతి కాలమున ఏర్పడెను. చివరియేండ్లలో తన జీవితకథను భార్యకు చెప్పి వ్రాయించుచు, తన నిర్ణయములకు కారణములను, తోడి మిషనరీలకు అప్పుడు చెప్పని జవాబులను, పేరయ్యకు తానెంత ఋణపడియుండెనో ఆ సంగతిని అందులో చేర్పించెను. ఆ గ్రంథము 1914లో అచ్చయి వచ్చుసరికి ఆయన గతించి నాలుగేండ్లు కావచ్చెను.